రెండు జడలు, ఒక ఇంజనీరు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం. సావనీరు కోసం రాసి ఇచ్చిన పాఠం.)

ముందు వరుసలో మా లెక్కల సారు ఉన్నారు. ఆయన నా వైపు చూస్తున్న తీరు ఇప్పుడే హోంవర్కు అడుగుతారేమో అన్నట్టుంది.

మన కార్యదర్శి ఫోన్ చేసి, "జలమండలిలో ఇన్నేళ్లు చేశావు కదా, నగరానికి నీళ్లు ఎట్లా వస్తాయో ఇరవై నిమిషాలు చెప్పు" అన్నాడు. శ్రద్ధగా రాసుకున్నాను. ఉస్మాన్‌సాగర్ 1920, హిమాయత్‌సాగర్ 1927, ఆ తర్వాత మంజీరా, సింగూరు, కృష్ణా, గోదావరి. ఇంట్లో చదివి వినిపిస్తే రెండో పేజీకే శ్రోతలందరూ వంటింట్లోకి వెళ్లిపోయారు. అప్పుడు తట్టింది. నా సర్వీసులో పై అధికారులు ఎంతోమంది వచ్చారు, బదిలీ అయి వెళ్లిపోయారు. ఇద్దరు మాత్రం మారలేదు. వాళ్లకు రిటైర్‌మెంటు కూడా లేదు. పెద్దామె 2000లో చార్జి తీసుకుంది, చిన్నామె 2006లో. వాళ్లు చిన్నగా ఉన్నప్పుడు, వాళ్ల కింద నేను చేసిన ఉద్యోగం గురించే ఈరోజు చెప్తాను. పేర్లు చెప్పను, చెప్తే రాయల్టీ అడుగుతారు.

మీకు తెలుసు, నేను ఛే నంబర్ చౌరస్తా పిల్లవాణ్ణి. పెళ్లయ్యాక తార్నాకలో అద్దెకు దిగాను. అమ్మానాన్న అంబర్‌పేట్‌లో, మేం తార్నాకలో, మధ్యలో ఉస్మానియా క్యాంపస్. తార్ అంటే తీగ, నాకా అంటే చౌకీ. నిజాం కాలంలో అక్కడి తోటకు ముళ్లతీగ కంచె, దాని దగ్గర ఒక నాకా ఉండేవని, అందుకే ఆ పేరు వచ్చిందని పెద్దలు చెప్పేవారు. మా ఇంటికి ఆ పేరు బాగా సరిపోయింది. వరండాలో తీగ మీద ఆరేసిన రిబ్బన్లు, గుమ్మంలో చెకింగుకు నిలబడ్డ మా పెద్దది.

రిబ్బన్లతోనే మొదలుపెడతాను. మా ఆవిడ ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సు. నెలలో పది రోజులు నైట్ డ్యూటీ. ఆమె ఇల్లు చేరేసరికి తొమ్మిది. పిల్లల బడి ఏడూ ముప్పావుకు. రెండు జడలు, మడిచి పైకి కట్టాలి, ఎర్ర రిబ్బను, శనివారం మాత్రం తెల్ల రిబ్బను. ఇది బడి నియమం. మగపిల్లలకు క్రాపు ఒక్కటే నియమం, అదీ నెలకోసారి. ఈ అన్యాయం గురించి ఇంతవరకు ఏ తండ్రీ కోర్టుకు ఎందుకు వెళ్లలేదో నాకు అర్థం కాదు.

మొదటి రోజు పాపిడి తీయడానికి స్టీలు స్కేలు తెచ్చుకున్నాను. ముక్కు కొన నుంచి నడినెత్తి మీదుగా మెడ దాకా ఒక గీత. సర్వేయింగ్ చదివినవాడికి ఇదొక లెక్కా అనుకున్నాను. కాని సర్వేయింగ్‌లో భూమి కదలదు. "డాడీ, ఇడ్లీ", "డాడీ, పెన్సిల్ పొట్టు", "డాడీ, కాకి" అంటూ ప్రతి అరనిమిషానికీ నడినెత్తి దిక్కు మారేది. నలభై నిమిషాల తర్వాత పెద్దది అద్దంలో చూసుకుని, ఏడవలేదు, కోప్పడలేదు. "పర్లేదు డాడీ. ఒకటి అమ్మాయి జడ, ఒకటి అబ్బాయి జడ" అంది. సాయంత్రం డైరీలో టీచరుగారి ఎర్ర సిరా: "పాపకు తల దువ్వించి పంపగలరు."

ఆ రోజుల్లో రామంతాపూర్ వైపు పైపులైను వేస్తున్నాం. మధ్యాహ్నం భోజనాల వేళ నేను నైలాన్ తాడు మూడు పాయలు చేసి అల్లడం ప్రాక్టీసు చేస్తుంటే, కందకం తవ్వుతున్న పాలమూరు కూలీల్లో ఒకామె కాసేపు చూసి నోరు మూసుకుని ఉండలేకపోయింది. "సారూ, తాడు అల్లుడు వేరు, జడ ఏసుడు వేరు. ముందుగాల చిక్కు దియ్యాలె. కిందికెళ్లి మీదికి దియ్యాలె. మీదికెళ్లి గుంజితె పిల్ల ఏడ్వదా మల్ల?" అంది. తన కూతుర్ని పిలిచి ఒక పైపు మీద కూచోబెట్టి దువ్వెన నా చేతికిచ్చింది. ఆ పిల్లకు మా పెద్దదాని వయసే ఉంటుంది. జుట్టు నిండా మట్టి. నేను గంట సేపు దానితో కుస్తీ పట్టినా కదలకుండా కూచుంది. వెనక నుంచి తల్లి పర్యవేక్షణ: "పాయలు సమానం గావాలె. బొటనవేలితోని ఒత్తి పట్టాలె. ఆ, గట్ల." మూడో రోజుకు పాసయ్యాను. ఏ బడికి పోతున్నావమ్మా అని పిల్లను అడిగితే తల్లే జవాబిచ్చింది: "పని ఏడుంటె ఆడ సారూ." ఇంకో రెండు వారాలకు లైను మెయిన్‌రోడ్డు చేరింది, వాళ్ల ముఠా వేరే సైటుకు వెళ్లిపోయింది. మస్టర్ రోల్‌లో ఆమె పేరు, రోజులు, కూలి, వేలిముద్ర అన్నీ ఉన్నాయి. ఆ పిల్లను రాయడానికి అందులో గడి లేదు. మా ఇద్దరమ్మాయిలు పది పన్నెండేళ్లు ఆమె నేర్పిన జడలతోనే బడికి వెళ్లారు.

తర్వాత నా పేరు వీధిలో పాకింది. శనివారం పొద్దున పక్కింటి పిల్లలు కూడా తెల్ల రిబ్బన్లు పట్టుకుని మెట్ల మీద వరుసగా కూచునేవారు. అందులో ఒకరికి పేలున్న సంగతి వారం తర్వాత మా ఇంటిల్లిపాదికీ తెలిసింది. బడిలో "మీ అమ్మానాన్న ఏం చేస్తారు?" అని అడిగితే పెద్దది ఏ తడుముకోవడమూ లేకుండా చెప్పిన జవాబు: "మమ్మీ సూదులు వేస్తుంది. డాడీ జడలు వేస్తాడు."

అసలు నా ఉద్యోగం ఏమిటో వాళ్లకు అర్థం చేయించడానికి నేను పడిన పాట్లు వేరే కథ. 2004లో కృష్ణా నీళ్లు మొదటిసారి నగరానికి వచ్చాయి. మా శాఖలో అందరం పండుగలా ఉన్నాం. ఇంటికొచ్చి "కృష్ణా వచ్చేసింది" అన్నాను. నాలుగేళ్లది పరుగున వెళ్లి సంపు మూత దగ్గర బోర్లా పడుకుని రంధ్రంలోంచి చూసింది. "ఫ్లూట్ వినబడతలేదు" అంది. దేవుడు కాదమ్మా, నది, నాగార్జునసాగర్ నుంచి వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో పంపులతో తోసి తెస్తాం అని చెప్పాను. చాలాసేపు ఆలోచించి, "పైపులో చీకటి కదా. నీళ్లకు భయం కాదా?" అంది. నా సర్వీసులో ఏ సమీక్షలోనూ ఎవరూ అడగని ప్రశ్న. నీళ్లు రోజు విడిచి రోజు వచ్చేవి కదా, రాని రోజు ఎందుకు రాలేదని దాని ఇంకో ప్రశ్న. దానికి మా అమ్మ నాకంటే ముందే జవాబు చెప్పేసింది: "రాధ ఇంటికి పోయిండు బిడ్డా, రేపొస్తడు."

కొంచెం పెద్దయ్యాక నా క్లోరిన్ పరీక్ష పెట్టె మీద దాని కన్ను పడింది. నల్లా నీళ్లలో చివరి ఇంటి దగ్గర కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. గొట్టంలో నీళ్లు పట్టి ఆర్థోటోలిడిన్ చుక్కలు వేస్తే పసుపు రంగు తేలుతుంది, పక్కనున్న రంగు పట్టీతో పోల్చి చూస్తాం. చుక్కలు వేయడం నా పని, రంగు చదవడం ఆమె పని. వీధిలో సగం ఇళ్ల నీళ్లు ఆమె తనిఖీ చేసింది.

ఒక ఆదివారం దూరపు చుట్టం ఒకాయన వచ్చారు. పెద్దమనిషే, మంచివారే. సోఫాలో కూచుని, మంచినీళ్ల గ్లాసు చేతిలోకి తీసుకుని, మా ఇద్దరు పిల్లలనూ చూసి నిట్టూర్చి, "ఇద్దరూ ఆడపిల్లలే అయిపోయారు నాయనా. రేపు..." అని మొదలుపెట్టారు. ఆయన ఒక్క గుక్క తాగారు. మా పెద్దది ఎదురుగా నిలబడి ఎంతో మర్యాదగా, "తాతయ్యా, ఆ నీళ్లు నేను పొద్దున చూశాను. రంగు రాలేదు. మీరు తాగేశారా?" అంది. అవి ఫిల్టరు నీళ్లు, రంగు రాదు. ఆ సంగతి దానికీ తెలుసు, నాకూ తెలుసు. ఆయనకు తెలియదు. "రేపు" తర్వాత ఏముందో ఈనాటి వరకు ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

చిన్నదాని వంతు వచ్చేసరికి నేను మురుగునీటి వైపు మారాను. మన అంబర్‌పేట్ శుద్ధి కేంద్రం మీలో చాలామందికి వాసన ద్వారా పరిచయం. రోజుకు 339 మిలియన్ లీటర్లు, అంటే ముప్పై మూడు కోట్ల తొంభై లక్షల లీటర్ల మురుగును పట్టే కేంద్రం అది. ఒకసారి చిన్నదాన్ని తీసుకెళ్లి చూపించాను. ముందు జల్లెడలు, బట్టలు, ప్లాస్టిక్కు, పూలు అన్నీ అక్కడ ఆగుతాయి. తర్వాత ఇసుక కిందికి దిగుతుంది. ఆ తర్వాత పెద్ద తొట్లలో గాలి తగలకుండా బతికే సూక్ష్మజీవులు మురికిని తింటాయి. "వాటికి అన్నం ఎవరు పెడతారు?" అంది. "మనమే" అన్నాను. "మనం ఎప్పుడు పెట్టాం?" అంది. చెప్పాను. దాని కళ్లు ఇంతింతయ్యాయి. తిన్నాక అవి ఏం చేస్తాయంది. గ్యాస్ వదులుతాయన్నాను. "తాతలెక్క" అని తల ఊపింది.

మర్నాటి నుంచి ప్రతిరోజూ పొద్దున బాత్‌రూమ్‌లోంచి గట్టిగా కేక: "డాడీ, పురుగులకు టిఫిన్ పంపించిన!" ఇంట్లో ఎవరున్నా, ఎంత పెద్దవాళ్లున్నా ఆ ప్రకటన ఆగలేదు. ఏడాది పాటు మా ఇంటికొచ్చిన అతిథులు ఎవరూ పొద్దున్నే ఉప్మా అడగలేదు. బడిలో "నా కుటుంబం" మీద మాట్లాడమంటే ఆమె చెప్పిన వాక్యం టీచరుగారు రాసి మరీ పంపారు: "మా డాడీ మొత్తం హైదరాబాద్ బాత్‌రూమ్ కడుగుతాడు, అందుకే లేటుగా వస్తాడు." మా ఆవిడ ఆ కాగితాన్ని ఫ్రేము కట్టించింది. నాకు వచ్చిన ఒకే ఒక్క ప్రశంసాపత్రం అదే.

నవ్వు రాని సంగతి ఒకటి చెప్తాను. 2006లో మా ఆవిడకు నెలలు నిండుతున్నప్పుడు స్కానింగుకు వెళ్లాం. పెద్దదానికి అప్పుడప్పుడే తెలుగు చదవడం కుదిరింది, కనబడ్డ ప్రతి బోర్డునూ బిగ్గరగా చదివేది. కిరాణా కొట్టు, గిర్ని, టైలరు, ఆఖరికి "ఇచ్చట మూత్ర విసర్జన చేయరాదు" కూడా. స్కానింగు సెంటరులో అందరూ నిశ్శబ్దంగా కూచున్నారు. ఇది గోడ వైపు చూస్తూ గుణింతాలు పట్టుకుని "ఇ-చ్చ-ట లిం-గ ని-ర్ధా-ర-ణ ప-రీ-క్ష-లు చే-య-బ-డ-వు" అని ముగించి, "అంటే ఏంది డాడీ?" అంది.

ఆ బోర్డు చట్టం ప్రకారం పెట్టాలి, 1994లో చేసిన చట్టం. అది చెప్తే ఆరేళ్లదానికి ఏమర్థమవుతుంది? పుట్టకముందే అమ్మాయో అబ్బాయో చెప్పడం తప్పు అన్నాను. ఎందుకు తప్పు అంది. ముందే తెలిస్తే కొంతమంది అమ్మాయైతే వద్దనుకుంటారమ్మా అన్నాను. హాలులో నలుగురైదుగురు గర్భిణులు, వాళ్ల భర్తలు, ఒకరిద్దరు అత్తలు ఉన్నారు. అందరూ వింటున్నారు, ఎవరూ విననట్టు కూచున్నారు. ఇది కాసేపు కాళ్లు ఊపింది. తర్వాత, "వాళ్లకు అమ్మాయి అని చెప్తే సరిపోదు డాడీ. లోపల ఉన్నది నేనే అని చెప్పాలి. అప్పుడు ఒద్దనరు" అంది.

మా ఆవిడ లేచి కిటికీ దగ్గరకు వెళ్లింది. పక్కన కూచున్న ఒక పెద్దావిడ కొంగులోంచి బఠాణీలు తీసి దీని చేతిలో పోసింది. ఎవరూ ఏమీ మాట్లాడలేదు. 2001 జనాభా లెక్కల్లో మన ఉమ్మడి రాష్ట్రంలో ఆరేళ్లలోపు పిల్లల్లో వెయ్యిమంది మగపిల్లలకు 961 మంది ఆడపిల్లలు ఉన్నారు. 2011కు అది 939 అయింది. ఉద్యోగరీత్యా నేను ఎన్నో గ్రాఫులు చూశాను. ఆ రెండు అంకెలు చూసినప్పుడు మాత్రం ఆ కుర్చీలో ఊగుతున్న కాళ్లు గుర్తొచ్చాయి. మూడు నెలల తర్వాత చిన్నది పుట్టింది. పెద్దది దాన్ని చూసి, "ఇది నేను కాదు, వేరేది" అని తేల్చింది. అది నిజమేనని ఆ తర్వాత పంతొమ్మిదేళ్లుగా రుజువవుతూనే ఉంది.

ఆదివారాలు క్యాంపస్‌కు పోయేవాళ్లం. ల్యాండ్‌స్కేప్ గార్డెన్ దగ్గర సైకిలు, నెమళ్ల వెంట పరుగు, తర్వాత ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద పులిహోర. ఆ భవనం 1939లో ప్రారంభమైంది, గులాబీ గ్రానైటు, బెల్జియం ఆర్కిటెక్టు జాస్పర్ నమూనా అని నేను ఉపన్యాసం ఇస్తుంటే చిన్నది లోపలంతా తిరిగొచ్చి, "ఇంత పెద్ద ఇల్లు కట్టి ఒక్క మంచం కూడా వెయ్యలే" అంది. ఆ మెట్ల మీద పరీక్షలకు చదువుకుంటున్న ఒక కుర్రాడు "నాకూ అదే బాధ పాపా" అన్నాడు.

ఆ క్యాంపస్సే ఉద్యమ కాలంలో మా ఇంటి గోడ అవతల రణరంగంలా ఉండేది. 2009 చివరి నుంచి ఎన్ని సాయంత్రాలు టియర్ గ్యాస్ వాసన తార్నాక వీధుల్లోకి వచ్చిందో ఇక్కడున్న తార్నాక వాళ్లకు తెలుసు. ఒకరోజు నేనూ మా ఆవిడా డ్యూటీల్లో ఉన్నాం. పెద్దదానికి పదేళ్లు. కిటికీలు మూసి, తువ్వాళ్లు తడిపి తలుపు సందుల్లో కుక్కి, చెల్లెలి మొహానికి తడిగుడ్డ పట్టి కూచోబెట్టింది. నేను వచ్చేసరికి చిన్నది ఎర్రటి కళ్లతో ఒకటే మాట: "డాడీ, ఉల్లిగడ్డ నేను కొయ్యలే. ఒట్టు." నవ్వాను. కాని నా వేళ్లు వణికి తువ్వాలు పిండడం కూడా చేతకాలేదు.

2011లో సకల జనుల సమ్మె. సెప్టెంబరు 13 నుంచి నలభై రెండు రోజులు. బడుల్లేవు, బస్సుల్లేవు, బొగ్గు రాక కరెంటు కోతలు. నీళ్ల డ్యూటీకి, ఆసుపత్రి డ్యూటీకి సెలవుండదు. అంబర్‌పేట్ నుంచి మా అమ్మను తెచ్చి పిల్లల దగ్గర పెట్టాను. వారం తిరక్కుండానే ఫ్రిజ్ మీద ఒక కాగితం వెలిసింది. పైన "ఇంటి జేఏసీ" అని, కింద డిమాండ్లు. బీరకాయ వారానికి ఒక్కసారే. చిన్నదానికి సగం ఆమ్లెట్ కాదు, పూర్తి ఆమ్లెట్. జడ వేసేటప్పుడు డాడీ ఫోన్ మాట్లాడరాదు. నాలుగోది చిన్న అక్షరాల్లో: "ఆడపిల్లవు అనే మాట ఇంట్లో అనరాదు."

మొదటి మూడూ వెంటనే ఒప్పుకున్నాను. నాలుగోది నా మీద కాదు, మా అమ్మ మీద. పాపం ఆమె కోపంతో అనేది కాదు. ఆడపిల్లవు గట్ల కూసోకు, ఆడపిల్లవు గట్ల నవ్వకు, ఆడపిల్లవు గంత జోరుగ ఉరుకకు. ఊపిరి తీసుకున్నట్టే ఆ మాట వచ్చేది. హాలులో చర్చలు జరిగాయి. పెద్దది ఒక వైపు, మా అమ్మ ఒక వైపు, చిన్నది రెండు వైపులా. మా అమ్మ, "అరవై ఏండ్ల సంది నోట్లకెళ్లి వచ్చే మాట, ఒక్కనాడు ఆగుమంటె ఆగుతదా?" అంది. అది న్యాయమైన మాటే. చివరికి రాజీ కుదిరింది, రోజుకు రెండుసార్లు అనవచ్చు. గోడ మీద సుద్దముక్కతో గీతలు పెట్టే బాధ్యత చిన్నదానికి.

మొదటి రోజు పొద్దున తొమ్మిదింటికే మా అమ్మ కోటా అయిపోయింది. మిగతా రోజంతా ఆమె పడ్డ అవస్థ చూడాలి. "ఆడ..." అని మొదలుపెట్టేది, చిన్నది సుద్దముక్క ఎత్తేది. "ఆడ... ఆడ బిందె ఉన్నది, తీసుకరా" అని మలుపు తిప్పేది. మా ఇంట్లో బిందెలు ఆ నెల తిరిగినంతగా ఎప్పుడూ తిరగలేదు. మధ్యలో బతుకమ్మ పండుగ వచ్చింది. తంగేడు, గునుగు, బంతి పేర్చి నీళ్లలో వదిలాక చిన్నది ఒకటే ఏడుపు, "అమ్మకి ఈత రాదు" అని. మా అమ్మ దాన్ని ఎత్తుకుని, "ఆడపిల్లకు ఈత రాదా? నీకు నేర్పియ్యమంట మీ నాయినకు చెప్త" అంది. ఆ మాటకు గీత పెట్టాలా వద్దా అని ఇద్దరూ రాత్రి దాకా వాదించుకున్నారు. పెట్టలేదు.

కొన్నేళ్లకు పెద్దది ఇంజనీరింగ్‌లో సివిల్ తీసుకుంటానంది. బంధువుల్లో ఒకాయన ఇంటికొచ్చి, ఆడపిల్లకు సివిల్ ఎందుకు అన్నారు. సైట్ల మీద ఆడపిల్ల ఏం తిరుగుతుంది అన్నారు. ఆడపిల్లకు కంప్యూటర్లు నయం కదా అనబోతుంటే, మూలకు మంచం మీద పడుకున్న మా అమ్మ, అప్పటికి ఆమెకు సరిగా వినబడదనుకుంటున్నాం, లేచి కూచుని, "నీ రెండు సార్లు అయిపోయినయ్ కొడకా. ఇగ చాయ తాగు" అంది. ఆయనకు ఏమీ అర్థం కాలేదు. మేమెవరమూ వివరించలేదు. ఆ మరుసటి ఏడు మా అమ్మ పోయింది. పెద్దది ఉస్మానియాలోనే సివిల్ చదివింది, ఇప్పుడు బెంగళూరులో సైటు మీద ఉంది. దుమ్ముకు తాళలేక జుట్టు కత్తిరించుకుంది, అది మాత్రం నాకు కొంచెం కష్టంగా ఉంది.

ఒంటరిగా బస్సెక్కిన సంగతి కూడా చెప్పాలి. పెద్దదానికి పదమూడు. తార్నాక నుంచి అంబర్‌పేట్‌లో నానమ్మ దగ్గరకు ఒక్కతే వెళ్తానంది. సరేనన్నాను. బస్సు కదిలింది, నేను హెల్మెట్ పెట్టుకుని స్కూటరు మీద వెనకాల. ప్రతి స్టాపు దగ్గరా ఆగడం, బస్సు కదిలితే కదలడం. మూడో స్టాపులో కండక్టరు మెట్ల మీద నిలబడి నన్ను కేకేశాడు: "సార్, మీ పాప చెప్తున్నది. స్కూటర్ల లైటు ఏసే ఉన్నదట, బ్యాటరీ ఖరాబైతదట, బంద్ చేసుకోమన్నది." ఆ పని చేసినందుకు మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది. నవ్వనీ. ఈరోజైనా అదే బస్సు వెనక అట్లాగే వెళ్తాను, లైటు మాత్రం ఆపుకుని.

నాకు ఇంకా మూడు నిమిషాలున్నాయని సైగ చేస్తున్నారు. ఈ సావనీరు పని మొదలైనప్పుడు సంఘం వాళ్లు మా బ్యాచి బాధ్యత నాకిచ్చారు. 1985 గ్రూపు ఫొటో ముందు పెట్టుకుని కూచున్నాను. పెద్దది సెలవుకు వచ్చి ఉంది. మగపిల్లలందరి ఫోన్ నంబర్లూ మా దగ్గర ఉన్నాయి. ఎడమ వైపు రెండు బెంచీల అమ్మాయిలవి ఒక్కటీ లేదు. అది ఫొటో చూస్తూ "వీళ్లంతా ఎక్కడ డాడీ?" అంది. దొరకరమ్మా, పెళ్లిళ్లయ్యాక ఇంటిపేర్లు మారాయి, ఊళ్లు మారాయి, కొందరికి పేర్లే మార్చారు అన్నాను. "పైపులైను పోయిన చోటల్లా వెతికి లీకేజి పట్టుకుంటావు, రెండు బెంచీల మనుషులను పట్టుకోలేవా?" అంది.

అక్కాచెల్లెళ్లిద్దరూ కూచున్నారు. పెద్దది బెంగళూరు నుంచి ఫోన్లు, చిన్నది ఇక్కడ స్కూటీ మీద గల్లీలు. బడి అడ్మిషన్ రిజిస్టరులో ఉన్న పాత చిరునామాలు, గోల్నాక, బతుకమ్మకుంట, పటేల్‌నగర్. ఆ ఇళ్లు లేకపోతే పక్క ఇంట్లో ముసలివాళ్లు, కిరాణా కొట్టు, గుడి పూజారి. ఒకామె నిజామాబాద్‌లో అంగన్‌వాడీ టీచరుగా దొరికింది. ఒకామె షోలాపూర్‌లో. ఒకామె ఇక్కడే, మూడు సందుల అవతల. ముప్పై ఏళ్లుగా నేను ఆ వీధికి నీళ్లు వదులుతున్నాను. ఇద్దరు లేరని తెలిసింది. మిగతావాళ్లు ఈరోజు వచ్చారు, చూడండి, అలవాటుగా మళ్లీ ఎడమ వైపే కూచున్నారు.

ఒకరు మాత్రం ఇంకా దొరకలేదు. లెక్కల సారుకు గుర్తుండాలి, పదో తరగతిలో నూటికి తొంభై ఎనిమిది తెచ్చుకుని, ఆ రెండు మార్కులు ఎందుకు పోయాయని మిమ్మల్ని స్టాఫ్‌రూమ్ దాకా వచ్చి అడిగిన అమ్మాయి. గోల్నాక నుంచి నడిచొచ్చేది. పరీక్షలైన నెలకే పెళ్లయింది. ఆ తర్వాత వాళ్ల నాన్న వర్క్‌షాపు మూసేసి ఊరెళ్లిపోయారని మాత్రమే తెలిసింది. ఫొటోలో రెండో వరుసలో ఎడమ నుంచి నాలుగో ఆమె. పేరు సావనీరు చివరి జాబితాలో ఉంది, పక్కన నంబరు గడి ఖాళీగా ఉంచాం. మీలో ఎవరికైనా ఆమె గాని, ఆమె తమ్ముడు గాని, ఆ ఊరి పేరు గాని తెలిస్తే, భోజనాల హాలు గుమ్మం దగ్గర రిజిస్ట్రేషన్ బల్ల ముందు పెన్ను పట్టుకుని మా చిన్నది కూచుంది. దయచేసి ఆమెకు రాయించండి.